బందరు చూడబోవు ముందు

(అధ్యయన యాత్రకు బయలుదేరు గ్రామ పంచాయతీ సభ్యులను ఉద్దేశించి, ముందునాటి సాయంకాలము విజయవాడలో చేసిన ప్రసంగ పాఠము)



రేపు ఉదయము మనమందరము బందరు చూడబోవుచున్నాము. మీలో బందరు ఎరుగనివారు అరుదు. కలెక్టరు కచేరీకో, కోర్టుకో పోయి, పని చూచుకొని, తిరుగు బస్సు ఎక్కినవారే అందరును. వచ్చునపుడు పిల్లలకు ఒక పొట్లము తొక్కుడు లడ్డు కొని తెచ్చియుందురు. అయినను పనిమీద ఒక ఊరికి పోవుట వేరు, ఊరిని చూచుటకు పోవుట వేరు. పనిమీద పోయినవానికి ఊరు కనబడదు. కచేరీ మెట్లు మాత్రమే కనబడును. మనము రేపు పోవునది ఊరిని చూచుటకు.

ఇంగ్లండు దేశములోని పురాతనమైన సంత పట్టణములను గూర్చియు నాలుగు మాటలు చెప్పుమని నన్ను కొందరు కోరిరి. అచ్చటి చిన్న పట్టణములలో అనేకము సంతవలన పుట్టినవే. సంత జరుపుకొనుటకు రాజు సన్నదు ఇచ్చుట ఆ దేశపు ఆచారము. స్టో అను కొండమీది ఊరికి మొదటి హెన్రీ రాజు 1107లో అట్టి అనుమతి నిచ్చెను. నేడును ఆ ఊరి నడుమ విశాలమైన సంతవీధియు, రాతి శిలువ స్తంభమును ఉన్నవి. ఆ వీధిలోనికి వచ్చు సందులు మిక్కిలి ఇరుకు. గొఱ్ఱెల మందను ఒక్కొక్కటిగా నడిపించి లెక్కించుటకు అవి అనుకూలముగా నుండెడివని అచ్చటివారు చెప్పుకొందురు.

బ్రాక్టన్ అను 13వ శతాబ్దపు న్యాయవేత్త పేరు మీద నిలిచిన సూత్ర మొకటి మనము వినదగినది. ఒక సంతకు 6 మైళ్ల పైచిలుకు దూరములోపల మరియొక సంత పెట్టరాదట. మనిషి దినమునకు 20 మైళ్లు నడువగలడు. ఆ దినమును మూడు భాగములు చేసినచో, ఒక భాగము సంతకు నడచుటకు, ఒకటి అమ్ముకొనుటకును కొనుటకును, మూడవది చీకటి పడకముందే ఇల్లు చేరుటకు. బుట్ట నెత్తిన పెట్టుకొని నడచు మనిషిని మనసులో నుంచుకొని చేసిన లెక్క యిది. సంతలో తగవు వచ్చినచో తీర్చుటకు అచ్చటనే ఒక న్యాయస్థానము కూర్చుండెడిది. దుమ్ము కొట్టుకొన్న పాదములవారి న్యాయస్థానమని దానికి పేరు. పొరుగూరి వర్తకుడు వాయిదాలకు తిరుగలేడు కనుక తగవును అప్పటికప్పుడే, పాదధూళి కడుగుకొనక మునుపే తీర్చెడివారు. తూనికలును కొలతలును దేశమంతట ఒక్కటిగా నుండవలెనని 1215 నాటి మాగ్నాకార్టాలో వ్రాసియున్నది.

ఇన్ని మంచి మర్యాదలున్న దేశమునుండి వర్తకులు ఓడ నెక్కి, మన బందరు బజారునకు వచ్చిరి. వారికి ఇచ్చట జరిగిన మర్యాద ఎట్టిదో, దానివలన ఈ పట్టణమునకు కలిగిన నష్ట మెట్టిదో చెప్పుటకే నేనీ ఉపోద్ఘాతము చేసితిని.

విజయవాడనుండి బందరునకు సుమారు 70 కిలోమీటర్లు. కంకిపాడు, ఉయ్యూరు, పామఱ్ఱు దాటి పోవుదుము. బందరు కాలువ కృష్ణ ఆనకట్టనుండి బయలుదేరి ఆ పట్టణము దెసకే పోవును. ఆ ఆనకట్ట 1855లో పూర్తియైనది. దాని స్థానమున 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చినది. 1908లో రైలు వచ్చువరకు ఈ కాలువలో నడచు పడవలే బందరునకు ప్రధానమైన దారి. నేడు లారీలలో పోవు ధాన్యము ఆనాడు పడవలలో పోయెడిది.

బందరు అనగా పారశీక భాషలో ఓడరేవు. మనము బందరు రేవు అనుచున్నాము, అనగా రేవు రేవు అనుచున్నామన్నమాట! తప్పేమియు లేదు, ఊరి పేర్లు అట్లే నిలుచును. గోలకొండ కుతుబ్‌షాహీల రాజ్యమునకు ఇది ముఖ్యమైన రేవు. పారశీక దేశముతో వారికి మైత్రియు, వర్తకమును ఉండెను. ఇచ్చటి అద్దకపు వస్త్రములు ఆ దేశమునకు ఓడలకెక్కి పోయెడివి. ఈ సంగతి విని పడమటి దేశములవారును వచ్చిరి. మొదట హాలెండువారు, 1611లో గ్లోబు అను ఓడమీద ఇంగ్లీషువారు, 1669లో ఫ్రెంచివారు. నేటికిని ఆ ఊరిలో ఇంగ్లీషుపాలెము, వలందపాలెము, పరాసుపేట అను పేటలున్నవి. వలందులనగా హాలెండువారు, పరాసులనగా ఫ్రెంచివారు. రేపు ఆ పేటలలో నడచునపుడు ఇండ్లను చూచి ఏమియు లేదని నిరుత్సాహపడకుడు. ఆ పేర్లే అచ్చట మిగిలిన శాసనములు.

1618 మొదలు 1622 వరకు ఇచ్చట నున్న విలియం మెథోల్డ్ అను ఇంగ్లీషు వర్తకుడు గోలకొండ రాజ్యమును గూర్చి ఒక గ్రంథము వ్రాసెను. అది 1626లో అచ్చయినది. బందరు చిన్న ఊరైనను జనము దట్టముగా నున్నదనియు, కోటగోడ లేదనియు, కట్టడములు బాగులేవనియు, ఊరున్న చోటు ఇంకను బాగులేదనియు ఆయన వ్రాసెను. ఊరిలోని ఊటనీరంతయు ఉప్పన, ఊరి బయట సముద్రము పోటెత్తినపుడు నేల మునుగును. ఓడలు ఒడ్డునకు రాలేవు, దూరమున లంగరు వేసికొని, సరకును చిన్న పడవలలో చేరవేయవలెను. ఇన్ని లోపములున్నను లోకమంతయు అచ్చటికే వచ్చెను. కారణము సరకు. మన సాలెవారి నేతయు, అద్దకపువారి రంగును ఆ ఉప్పునీటి ఊరికి ఓడలను రప్పించినవి.

రప్పించినదానిని నిలుపుకొనుట వేరొక విద్య. గోలకొండ రాజ్యములో రేవుల అధికారమును ఇజారాకు ఇచ్చెడివారు. హెచ్చు మొత్తము పాడినవానికి అధికారము. పాడిన మొత్తమును ఏడాదిలోపల ఖజానాకు కట్టవలెను, కట్టలేనివానికి బెత్తపు దెబ్బలు. అట్టి అధికారి వర్తకుని ఏ కంటితో చూచునో వేరుగా చెప్పనక్కరలేదు. సుంకమున కొక వసూలు, మర్యాదకొక వసూలు, అప్పు పేరిట ఒకటి. ఈ పీడ పడలేక ఇంగ్లీషువారు 1628లో బందరు విడిచి, నెల్లూరు తీరమందలి ఆర్మగాం అను చోటికి, అనగా నేటి దుర్గరాజపట్నమునకు పోయిరి. రెండేండ్లలో తిరిగి వచ్చిరి. బందరు బజారును వారును మరువలేకపోయిరి. 1632లో గోలకొండ సుల్తాను వారికి బంగారు ఫర్మానా అని పేరుపడిన సన్నదు నిచ్చెను. ఏడాదికి 500 వరహాలు సుంకముగా చెల్లించి రాజ్యములోని రేవులలో వర్తకము చేసికొనవచ్చును. కట్టవలసినది ఇంత అని తెలియుటయే వారు కోరినది.

కాని ఒక పర్యాయము లేచిపోయిన వర్తకుడు రెండవ చోటు వెదకుట మానడు. 1639లో వారు చెన్నపట్నమున స్థలము సంపాదించిరి. 1641లో ఈ తీరపు ముఖ్య కార్యస్థానమును బందరునుండి అచ్చటికి మార్చిరి. అచ్చట బట్టలు చౌకగా దొరకుననుటయు ఒక కారణమే, దానిని దాచరాదు. ఇంగ్లీషువారు వెళ్లిపోయిరని నేను విచారించుట లేదు. వర్తకులుగా వచ్చినవారు తరువాత ఏమి చేసిరో మనకు తెలియును. 1759 ఏప్రిలులో కర్నల్ ఫోర్డు బురదనేలలోనుండి రాత్రివేళ సేనను నడిపించి బందరుకోటను ఫ్రెంచివారినుండి గైకొనెను. దానితో ఈ తీరమంతయు వారి చేతిలోనికి పోయినది. నేను విచారించునది సాలెవానిని గూర్చి. కొనువాడు లేచిపోయిన తరువాత, నేసినవాడు మగ్గమును మోసికొని వానివెంట పోలేడు గదా.

ఇది నాలుగు వందల యేండ్లనాటి ముచ్చట అని మీరనుకొనవచ్చును. మా ప్రాంతమున ఒక గ్రామమున్నది, పేరు చెప్పను. అచ్చట గురువారము సంత. ఆశీలు వసూలు హక్కును ఏటేట వేలము వేయుదురు. ఒక ఏడు ఇద్దరు పాటదారులకు పట్టుదల పెరిగి, పాట అంతకుముందటి ఏటికి రెండింతలైనది. నేనును ఆనాడు అచ్చట నుంటిని. పంచాయతీకి ఆదాయము పెరిగినదని చప్పట్లు కొట్టినవారిలో నేనొకడను. పాడినవాడు తన డబ్బు ఎచ్చటనుండి రాబట్టవలెను? బుట్టకు ఇంత అని నిర్ణయించిన రేటు పంచాయతీ పుస్తకములో నుండెను, సంతలో ఎచ్చటను వ్రాసిలేదు. రసీదు లేదు. అడిగిన ముసలమ్మ బుట్టను కాలితో నెట్టుటయు జరిగినది. రెండేండ్లు గడచినవో లేదో, కూరగాయల ఆడవారందరు రెండు కిలోమీటర్ల అవతల, గ్రామపు ఎల్ల దాటి, నాలుగు రోడ్లు కలియుచోట మామిడిచెట్ల క్రింద కూర్చుండనారంభించిరి. మూడవ యేట పాటకు ఎవరును రాలేదు. ఆ సంతపాకలలో ఇప్పుడు పశువులను కట్టుచున్నారు. బందరు చరిత్ర చదివినపుడెల్ల నాకు ఆ మామిడిచెట్లే జ్ఞాపకము వచ్చును.

సంతలును తిరునాళ్లును పంచాయతీల బాధ్యతయని 73వ సవరణతో రాజ్యాంగమునకు చేర్చిన 11వ షెడ్యూలులో ఉన్నది. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టము ప్రకారము బహిరంగ మార్కెట్లు పెట్టుటకు, రుసుము విధించుటకు గ్రామ పంచాయతీకి అధికారము కలదు. ఆశీలును వేలము వేయుట తప్పు కాదు. అయితే వేలము వేయునది వసూలు హక్కును మాత్రమే, రేటును కాదు. రేటు మీ తీర్మానము. దానిని సంత ముఖద్వారమున, చదువురానివారికి కూడ ఎవరైన చదివి చెప్పగలుగునట్లు పెద్ద అక్షరములతో వ్రాయించుటకు అగు ఖర్చు ఒక డబ్బా రంగు. రసీదు పుస్తకము పంచాయతీ ముద్రతో ఇచ్చి, నెలకొకసారి తెప్పించి చూచినచో చాలును. తూకముల సంగతియు ఇంతే. ఇప్పుడు ఊరూరను ఎలక్ట్రానిక్ కాటాలు వచ్చినవి. అంకెలు వెలుగుచున్నవి గదా యని నమ్ముచున్నాము. వానికి తూనికలు కొలతల శాఖవారు ఏటేట పరీక్షించి ముద్ర వేయవలెను. ఆ ముద్ర ఎన్నటిదో చూచినవారు మీలో ఎందరు? పంచాయతీవారే ఒక కిలో రాయిని ముద్ర వేయించి సంతలో ఒకచోట నుంచినచో, అనుమానము కలిగినవారు తమంతట తామే చూచుకొందురు.

బందరు చేరకముందే పెడనలో దిగుదుము. కలంకారీ అద్దకము నేడు ఎక్కువగా అచ్చటనే జరుగుచున్నది. గుడ్డను ముందు గంజి పోవునట్లు ఉతికి, కరక్కాయ కషాయములో ముంచి, ఆరబెట్టుదురు. టేకు చెక్కమీద చెక్కిన అచ్చుతో నలుపు వేయుదురు. ఆ నలుపు ఇనుప ముక్కలను బెల్లపునీటిలో నానవేసి, పులియబెట్టి చేసినది. దానిని కసిము అందురు. ఎఱుపు రావలసిన చోట పటిక నీరు వేయుదురు. అప్పటికి ఎఱుపు కనబడదు. తరువాత పారునీటిలో ఉతికి, రాగిగంగాళములో రంగుతో ఉడికించినపుడు, పటిక తగిలిన చోటనే ఎఱుపు పట్టును. పూర్వము దానికి చిరివేరు వాడెడివారు. ఇసుక నేలలలో పెరుగు ఆ మొక్క వేరులోని ఎఱుపు కొరకే ఓడలు వచ్చినవన్నను అతిశయోక్తి కాదు. అచ్చు వేయుచున్న పనివారివద్ద తొందరపడక నిలుచుండి చూడుడు. ఒక అచ్చు ప్రక్క మరియొక అచ్చు వెండ్రుకవాసి తేడా లేకుండ కూర్చువిధము మాటలలో చెప్పగలిగినది కాదు. యాభయ్యవ దశకమున అఖిల భారత హస్తకళా సంస్థకు అధ్యక్షురాలుగా నున్న కమలాదేవి చట్టోపాధ్యాయ ఈ కళ మరల నిలుచుటకు తోడ్పడిరి.

పెడనలో నేను మీకు చూపదలచినది అచ్చుకంటె కాలువను. ఈ పనికి పారునీరు ప్రాణము. నిలిచిన నీటిలో ఉతికినచో రంగు ఒకచోటనుండి మరియొకచోటికి అంటును. కాలువ కట్టివేసిన దినములలో పనికి ఇబ్బందియే. నీరు వచ్చినను, పై గ్రామములవారు చెత్తయు మురుగును వదలినచో గుడ్డ చెడును. పై గ్రామములవారనగా ఎవరు? రేపు బస్సులో నుండు మనలో సగముమంది. కాలువగట్టున పెంటపోగు వేయించు పంచాయతీ తన ఊరిని శుభ్రము చేసికొన్నాననుకొనును. దాని లెక్క పెడన అద్దకపువాని గంగాళములో తేలును. అద్దకపు నీరు వదలుటలో ఆ పనివారికిని బాధ్యత కలదు. ఆ మాటయు వారితో మాటలాడవచ్చును.

అచ్చటనుండి బందరు పట్టణములోనికి పోయి, డచ్చివారి శ్మశానవాటికను చూచెదము. దూరదేశమున చనిపోయిన 17వ శతాబ్దపు వర్తకుల సమాధిఫలకములమీద వారి వంశచిహ్నములు నేటికిని కనబడును. ఆంధ్ర జాతీయ కళాశాలను, పట్టాభి సీతారామయ్యగారు 1923లో ఆంధ్రా బ్యాంకును స్థాపించిన ఊరు ఇదేయని జ్ఞాపకము చేసికొందుము. ఆ బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో కలిసినది. చిలకలపూడి పూతబంగారు నగలను చూచుటకు సమయము చాలకపోవచ్చును. సోదరీమణులు మన్నింపవలెను.

తరువాత కోట. పట్టణమునకు ఆగ్నేయమున బురదనేలల నడుమ శిథిలమైన ఆయుధాగారము మొదలైన కట్టడములు మిగిలియున్నవి. అచ్చట నిలిచి సముద్రము వైపు చూచినచో మిట్ట యన్నది కనబడదు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి తుఫాను వచ్చి, సముద్రము కట్టగట్టుకొని ఆ చదునునేలమీదుగా ఊరిలోనికి వచ్చెను. సుమారు 30,000 మంది మరణించిరి. నీటి పోటున మునుగు ఊరని 1626 నాటి గ్రంథమందే ఉన్నది. అంతకుముందు నెల, అక్టోబరు 5న, కలకత్తాను అట్టి ఉప్పెనయే ముంచెను. అయినను బందరునకు ముందు హెచ్చరిక చెప్పినవారు లేరు. చెప్పు శాఖయే ఆనాడు లేదు. వాతావరణ శాఖ 1875లో ఏర్పడినది. బందరునకు పురపాలక సంఘము 1866లో వచ్చెను. ఆ ఊరివారు తమ కార్యములను తాము చూచుకొను సభ ఏర్పడునాటికి సమాధులమీద మట్టి ఇంకను ఆరలేదు. 2015లో అది నగరపాలక సంస్థ అయినది.

హెచ్చరిక ఉన్నంతమాత్రమున చాలదని 1977 నవంబరు 19న తెలిసినది. దివిసీమ ఉప్పెనలో సుమారు పదివేలమంది పోయిరని ప్రభుత్వ లెక్క. ఆనాటి ముసలివారు మీ గ్రామములలో ఇంకను ఉన్నారు. గాలి ఎట్లు మొదలైనదో, నీరు ఏ దిక్కునుండి వచ్చినదో, ఏ మేడమీద ఎందరు నిలిచిరో వారికి తెలియును. వారి మాటలను వ్రాయించి పంచాయతీ కచేరీలో నుంచుడని నా విన్నపము. మరల 1990 మేనెల 9వ తేదీన కృష్ణ ముఖద్వారము దగ్గర తీవ్రమైన తుఫాను తీరము దాటెను. ఆ పర్యాయము ముందుగా ఆరున్నర లక్షలమందిని తరలించిరి. మృతులు వేయికి లోపు. పదమూడు సంవత్సరములలో ఇంత భేదము వచ్చుటకు ఆకాశమున జరిగిన మార్పేదియు లేదు. పక్కా షెల్టర్లు కట్టిరి, దండోరా వేయించిరి, పశువులను విడిచి రామన్నవారిని చేయిపట్టి లారీ ఎక్కించిరి. అవి గ్రామములలోనివారు చేసిన పనులు. మీ గ్రామమున షెల్టరు ఉన్నచో దాని తాళపుచెవి ఎవరివద్ద నున్నదో, లోపల ధాన్యపు బస్తాలు నింపలేదు గదా యని రేపు ఇంటికి పోగానే చూడుడు.

2023లో మంగినపూడి వద్ద క్రొత్త రేవు నిర్మాణము మొదలుపెట్టిరి. వీలైనచో అచ్చటికిని పోవుదుము. నాలుగు వందల యేండ్ల క్రిందట ఓడలను దూరమున నిలిపిన ఆ మేటతోనే నేటి ఇంజనీర్లును పోరాడవలసియున్నది. ఆ పనివారిని ప్రశ్నలడుగుడు, సిగ్గుపడకుడు.

ఉదయము ఆరు గంటలకు బస్సు బయలుదేరును. ఆలస్యముగా వచ్చినవారికొరకు కంకిపాడులో ఆగము. గొడుగు తెచ్చుకొనుడు, కోటవద్ద నీడ లేదు. ప్రతివారును ఒక చిన్న పుస్తకము, పెన్సిలు తెచ్చుకొని, మధ్యాహ్నము బందరు కూరగాయల బజారునకు పోయినపుడు ఇద్దరు అమ్మకపువారిని అడిగి, వారు ఏ ఊరినుండి వచ్చిరో, ఎంత ఆశీలు కట్టిరో, రసీదు ఇచ్చిరో లేదో వ్రాసికొనుడు. తిరుగు ప్రయాణమున ఆ లెక్కలు ఒకరికొకరు చదువుకొందుము. మంచినీళ్లు మాత్రము ఎవరివి వారే తెచ్చుకొనవలెను. బందరు ఊటనీటి రుచి మెథోల్డ్ చెప్పనే చెప్పెను.